ఔషధ మొక్కలు, మందులకు లొంగని బాక్టీరియా: పసరు నుంచి అణువు వరకు

1945లో అమెరికాలోని మిస్సోరి విశ్వవిద్యాలయానికి చెందిన శాన్‌బార్న్ క్షేత్రం నుంచి కొంత మట్టి న్యూయార్క్ రాష్ట్రంలోని లెడర్లీ ప్రయోగశాలకు చేరింది. 1888 నుంచి దీర్ఘకాలిక సస్య ప్రయోగాలు సాగుతున్న క్షేత్రమది. అక్కడి 23వ మడిలో తిమోతి గడ్డి పెరిగే నేల నుంచి తీసిన ఆ మట్టిలో బంగారు వన్నె గల ఒక స్ట్రెప్టోమైసిస్ దొరికింది. దానిని గుర్తించిన బెంజమిన్ డగ్గర్ వృక్షశాస్త్ర ఆచార్యునిగా పదవీ విరమణ చేసి, డెబ్బై ఏళ్లు దాటిన వయసులో ఆ పనికి పూనుకొన్నవాడు. ఆ సంస్థలో పరిశోధనలకు సారథ్యం వహించినవారు భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. 1948లో లోకానికి వెల్లడైన ఆ మందు పేరు ఆరియోమైసిన్. టెట్రాసైక్లిన్ కుటుంబంలో అదే మొదటిది. అంతకు ముందు 1943లో స్ట్రెప్టోమైసిన్ వెలువడినది కూడా రట్గర్స్ విశ్వవిద్యాలయపు మృత్తికా సూక్ష్మజీవశాస్త్ర విభాగంలోనే. యాంటీబయాటిక్ ఔషధాల చరిత్రలో పొలం మట్టికి ఉన్న స్థానం ఎంతటిదో వ్యవసాయ విద్యార్థులకు సైతం తరచు గుర్తుండదు.

ఆ మట్టి గని నుంచి రెండు దశాబ్దాల పాటు మందులు ధారాళంగా వచ్చాయి. తరువాత ఎంత జల్లెడ పట్టినా ఎక్కువగా పాత అణువులే మళ్లీ మళ్లీ తగిలాయి. ఈలోగా బాక్టీరియా ఊరుకోలేదు. ప్రపంచవ్యాప్తంగా 2019లో 12.7 లక్షల మరణాలకు మందులకు లొంగని బాక్టీరియాయే నేరుగా కారణమని, 49.5 లక్షల మరణాలతో దానికి సంబంధం ఉన్నదని ఒక విస్తృత అంచనా తేల్చింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో సవరించిన ప్రాధాన్య జాబితాలో కార్బపెనెమ్ మందులకు లొంగని అసినెటోబాక్టర్ బౌమనీ, రిఫాంపిసిన్‌కు లొంగని క్షయ కారకం అత్యంత ప్రమాదకరమైన వర్గంలో ఉన్నాయి. ఈ నేపథ్యంలో పరిశోధకుల చూపు మరల మొక్కల వైపు, సంప్రదాయ వైద్యం వైపు మళ్లడం సహజం. అయితే ఆ చూపులో ఆశ ఎంత ఉన్నదో తొందరపాటూ అంతే ఉన్నది.

మొక్కల నుంచి పెన్సిలిన్ ఎందుకు రాలేదు?

మొక్కకు పరుగెత్తే కాళ్లు లేవు, మన వలె రక్తంలో తిరిగే రక్షక కణాలు లేవు. వేరు చుట్టూ గ్రాము మట్టిలో కోట్లాది బాక్టీరియా కాపు కాస్తున్నా అది కుళ్లకుండా నిలబడుతున్నదంటే, దాని రసాయన రక్షణ బలమైనదే అయి ఉండాలి. అయినా పెన్సిలిన్ వలె, టెట్రాసైక్లిన్ వలె ఒంటరిగా శరీరమంతటా పనిచేసే యాంటీబయాటిక్‌గా చికిత్సలో స్థిరపడిన మొక్క అణువు ఇంతవరకు ఒక్కటీ లేదు. మలేరియాపై ఆర్టెమిసినిన్ సాధించిన విజయాన్ని కొందరు ఇక్కడ ఉదాహరిస్తారు. కానీ మలేరియా కారకం బాక్టీరియా కాదు, పరాన్నజీవి. ఆ పోలిక ఇక్కడ నిలువదు.

ప్రయోగశాలలో కొలిచినప్పుడు మొక్కల అణువులు బలహీనంగా కనబడతాయి. మంచి యాంటీబయాటిక్ ఒక మిల్లీలీటరుకు 0.01 నుంచి 10 మైక్రోగ్రాముల గాఢతలోనే బాక్టీరియా పెరుగుదలను ఆపగలదు. మొక్కల నుంచి తీసిన శుద్ధ అణువులలో చాలా వాటికి 100 నుంచి 1000 మైక్రోగ్రాములు కావలసి వస్తుంది. గ్రామ్ నెగటివ్ బాక్టీరియాపై ఈ అంతరం మరింత హెచ్చు. వాటికి కణకవచం వెలుపల మరొక పొర ఉంటుంది. దానిని దాటి లోనికి ప్రవేశించిన అణువును కణత్వచంలోని పంపులు తిరిగి బయటికి తోసివేస్తాయి. ఈ బహిష్కరణ పంపులే అనేక యాంటీబయాటిక్‌లకు నిరోధకత కలిగించే సాధనాలు కూడా.

అప్పుడు ఒక ప్రశ్న పుడుతుంది. బలహీనమైనది అణువా, లేక అది లోపల నిలువకపోవడమా? 2002లో వెలువడిన ఒక అధ్యయనం దీనికి స్పష్టమైన సమాధానం ఇచ్చింది. పంపులను నిర్వీర్యం చేసి అవే మొక్కల అణువులను పరీక్షించినపుడు రేవలచిన్ని వర్గపు మొక్కలలోని రీన్ అనే పదార్థం శక్తి బాక్టీరియా జాతిని బట్టి 100 నుంచి 2000 రెట్లు పెరిగింది. చిత్రమూలంలోని ప్లంబాజిన్, పత్తిలోని గాసిపాల్, లూసర్న్ వంటి పశుగ్రాసాలలో ఉండే కౌమెస్ట్రాల్, వేరుశనగ, ద్రాక్షలలో కనిపించే రెస్వెరట్రాల్, మానుపసుపులోని బెర్బెరిన్ కూడా అదే విధంగా పదునెక్కాయి. ఈ జాబితాలోని పేర్లలో సగం సస్యశాస్త్ర విద్యార్థి రోజూ చూసే పైర్లవే కావడం గమనార్హం.

బెర్బెరిన్ చెప్పే కథ

మొక్క ఆ పంపులను ఎలా ఎదుర్కొంటున్నది? ఈ ప్రశ్నకు అత్యంత అందమైన సమాధానం బెర్బెరిస్ ప్రజాతి నుంచి వచ్చింది. ఈ మొక్కల వేరు, కాండం కోస్తే పచ్చగా కనబడటానికి కారణం బెర్బెరిన్ అనే ఆల్కలాయిడ్. మన ఆయుర్వేదంలో దారుహరిద్ర కషాయాన్ని మరిగించి చిక్కబరచి చేసే రసాంజనం కంటి జబ్బులకు, పుండ్లకు వాడుక. బెర్బెరిన్ అణువుపై ధనావేశం ఉంటుంది. బాక్టీరియా కణం లోపలి భాగం ఋణావేశం కలది. కనుక అది తనంతట తానే కణంలోనికి చేరి పేరుకొంటుంది. పేరుకొనే వీలు కలిగితే మంచి మందే. కానీ స్టెఫిలోకాకస్ ఆరియస్‌లోని నోర్‌ఎ అనే పంపు ఇటువంటి ధనావేశ అణువులనే వెదకి వెదకి బయటికి నెట్టివేస్తుంది.

2000లో అమెరికాలోని కొలరాడో స్టేట్, టఫ్ట్స్ విశ్వవిద్యాలయాల పరిశోధకులు స్టెర్మిట్జ్, లూయిస్ బృందం ఆ దేశపు నైరుతి ప్రాంతంలో పెరిగే బెర్బెరిస్ ఫ్రెమాంటై ఆకులను పరిశీలించారు. బెర్బెరిన్‌తో పాటు అదే మొక్కలో 5’-మిథాక్సీహిడ్నోకార్పిన్ అనే మరొక పదార్థం బయటపడింది. అది ఒక్కటే వాడితే బాక్టీరియాకు ఏమీ కాదు. కాని నోర్‌ఎ పంపును అది అడ్డుకొంటుంది. పంపు ఆగిన కణంలో బెర్బెరిన్ నిలిచి, పేరుకొని, పని పూర్తి చేస్తుంది. ఒకే మొక్క కత్తినీ తయారు చేసుకొన్నది, శత్రువు డాలును పట్టి ఉంచే చేతినీ తయారు చేసుకొన్నది.

ఆ రెండవ పదార్థం పేరులోనే ఒక చరిత్ర దాగి ఉన్నది. హిడ్నోకార్పస్ చెట్టు గింజల నూనెలో స్వల్ప పరిమాణంలో ఉండే అంశంగా అది అంతకు ముందే తెలిసినది. పడమటి కనుమలలో పెరిగే ఆ చెట్టును తెలుగులో అడవిబాదం అంటారు. ఆ నూనె, దానిని పోలిన చాల్మూగ్రా నూనె 1940లలో సల్ఫోన్ మందులు వచ్చేవరకు కుష్ఠువ్యాధికి దాదాపు ఏకైక చికిత్సగా నిలిచాయి. ఆ నూనెలోని ఈ స్వల్పాంశం కుష్ఠు చికిత్సలో ఏదైనా పాత్ర వహించిందని చెప్పడానికి ఆధారం లేదు. ఎక్కడో బెర్బెరిస్ ఆకులో అదే అణువు వేరొక పని చేస్తూ కనబడటం మాత్రం విశేషమే.

ఈ ఉదాహరణ ప్రయోగశాలలకు ఒక చేదు నిజాన్ని చెబుతున్నది. ముడి సారంలో పనితనం కనబడగానే దానిని భాగాలుగా విడదీసి, ఒక్కొక్క భాగాన్ని విడిగా పరీక్షించడం మన పరిశోధనాలయాలలో స్థిరపడిన పద్ధతి. బెర్బెరిస్ వంటి మొక్కను ఆ పద్ధతిలో విడదీస్తే శక్తి ఒక్కో మెట్టున సన్నగిల్లుతుంది. చివరకు చేతిలో మిగిలేది ఒక బలహీనమైన ఆల్కలాయిడ్, ఏ పనీ చేయనట్లు కనిపించే మరొక పొడి. ‘మొక్కలో పసలేదు’ అన్న నిర్ధారణతో అక్కడ ముగిసిన సిద్ధాంత వ్యాసాలు తక్కువేమీ కాకపోవచ్చు. ప్రతి భాగాన్ని విడిగాను, తెలిసిన ఒక యాంటీబయాటిక్ లేదా అదే మొక్కలోని ప్రధాన పదార్థపు స్వల్ప మోతాదుతో కలిపి కూడా పరీక్షించినప్పుడే ఇటువంటి సహాయక అణువులు చిక్కుతాయి.

మిరియాలలోని పైపరిన్ కూడా నోర్‌ఎ పంపును అడ్డుకొని సిప్రోఫ్లాక్సాసిన్‌కు బలం చేకూరుస్తుందని 2006లో జమ్ములోని పరిశోధకులు చూపారు. ఇదే పైపరిన్ మరొక దారిలో అప్పటికే ప్రసిద్ధమైనది. అది మందును శరీరం గ్రహించే తీరును మార్చుతుంది. ఆ గుణం ఆధారంగా రిఫాంపిసిన్ 200 మిల్లీగ్రాములు, ఐసోనియాజిడ్ 300 మిల్లీగ్రాములు, పైపరిన్ 10 మిల్లీగ్రాములు కలిపిన క్షయ మందుకు 2009లో మన దేశంలో అనుమతి లభించింది. ఈ రెండు పనులను కలగలపరాదు. మొదటిది బాక్టీరియా కణంలో జరిగేది, రెండవది రోగి పేగులలో, కాలేయంలో జరిగేది. శొంఠి, పిప్పళ్లు, మిరియాలు కలిపిన త్రికటును ఎన్నో యోగాలలో చేర్చిన పాత వైద్యుల అనుభవం ఏ దారిలో పనిచేసిందన్నది యోగం వారీగా తేల్చవలసిన విషయం. సర్పగంధిలోని రెసర్పిన్ కూడా నోర్‌ఎను ఆపుతుంది. కానీ దానికి కావలసిన గాఢత మనిషి రక్తంలో సురక్షితంగా చేరగల గాఢతను ఎంతో మించినది. అందుచేత అది ప్రయోగశాల పనిముట్టుగానే మిగిలింది.

చంపకుండా గెలవడం

బాక్టీరియాను చంపడమే మందు పని అనే భావన నుంచి బయటపడితే మరొక ద్వారం తెరుచుకొంటుంది. స్టెఫిలోకాకస్ కణాలు గుంపు పెరిగిన సంగతిని రసాయన సంకేతాల ద్వారా పసిగట్టి, ఆపైన మాత్రమే కణజాలాన్ని ఛిద్రం చేసే విషాలను విడుదల చేస్తాయి. దక్షిణ ఇటలీ పల్లెలలో చర్మపు వాపులకు చెస్ట్‌నట్ ఆకుల కషాయం వాడే అలవాటు ఉన్నది. అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయంలో కసాండ్రా క్వేవ్ బృందం 2015లో ఆ ఆకుల సారం సరిగ్గా ఈ సంకేత వ్యవస్థనే మూయించివేస్తుందని ప్రకటించింది. బాక్టీరియా పెరుగుదల ఆగలేదు; విషం మాత్రం ఆగింది. 15 రోజుల పాటు వరుసగా ఆ సారంలోనే పెంచినా నిరోధకత తలెత్తలేదు. చావు భయం లేని చోట తప్పించుకొనే ఒత్తిడి కూడా తక్కువ అన్నది దీని వెనుక ఉన్న తర్కం. పదిహేను రోజుల పరీక్షను బట్టి ఎన్నటికీ నిరోధకత రాదని చెప్పడం మాత్రం సాహసమే అవుతుంది.

ఇదే ఆకు సారాన్ని మన కళాశాలల్లో సర్వసాధారణమైన బిళ్ల పరీక్షకు పెడితే ఏమవుతుంది? బిళ్ల చుట్టూ తేటవలయం ఏర్పడదు. పట్టికలో సున్నా పడుతుంది. మరుసటి ఏడాది ఆ మొక్క పేరు ఎవరూ ఎత్తరు.

పదవ శతాబ్దపు ఇంగ్లండు వైద్య గ్రంథం బాల్డ్స్ లీచ్‌బుక్‌లోని కంటి లేపనాన్ని నాటింగ్‌హామ్ విశ్వవిద్యాలయంలో తిరిగి తయారు చేసిన ఉదంతం కూడా ఇక్కడ చెప్పుకోదగినదే. వెల్లుల్లి, ఉల్లి జాతి దుంప, ద్రాక్షాసవం, ఆవు పిత్తం కలిపి తొమ్మిది రాత్రులు నిలువ ఉంచిన ఆ మిశ్రమం మెథిసిలిన్‌కు లొంగని స్టెఫిలోకాకస్‌ను, పైగా జిగురు పొరలో దాగిన స్థితిలోనే, చంపగలిగింది. దినుసులను విడివిడిగా వాడినపుడు ఆ శక్తి కనబడలేదు. గ్రంథంలో ఉన్న ‘తొమ్మిది రాత్రులు’ అన్న మాటను మూఢాచారమని కొట్టివేసి ఉంటే ఈ ఫలితం దక్కేది కాదు.

వలయాల వ్యామోహం

మన విశ్వవిద్యాలయాలలో ఏటా ఎన్నో మొక్కల సారాలు పరీక్షకు వస్తున్నాయి. వాటిలో మందు దాకా కాకపోయినా కనీసం రెండవ మెట్టు దాకా వెళ్లేవి బహు స్వల్పం. లోపం మొక్కలలో కంటె పద్ధతిలోనే ఎక్కువగా ఉన్నది. తేటవలయం వ్యాసం అణువు శక్తితో పాటు అది అగార్‌లో ఎంత సులువుగా వ్యాపిస్తుందన్న దానిపై కూడా ఆధారపడుతుంది. నీటిలో కరగని శక్తిమంతమైన అణువు చిన్న వలయం ఇస్తుంది, కరిగే సాధారణ పదార్థం పెద్ద వలయం చూపుతుంది. రెండు మొక్కల వలయాలను మిల్లీమీటర్లలో పోల్చి ఏది గొప్పదో తేల్చడం ఈ కారణంగా అర్థరహితం. ద్రవ మాధ్యమంలో కనిష్ఠ నిరోధక గాఢతను కొలవడమే సరైన దారి. ఆ కొలతలోనూ ఒక హద్దు పాటించాలి. సారమైతే మిల్లీలీటరుకు 1 మిల్లీగ్రాము, శుద్ధ అణువైతే 0.1 మిల్లీగ్రాము దాటి పరీక్షించరాదని రియోస్, రెసియో 2005లో చేసిన సూచన నేటికీ శిరోధార్యం. 50 మిల్లీగ్రాముల గాఢతలో బాక్టీరియా చచ్చిందంటే అందులో ఆశ్చర్యం లేదు. ఆ గాఢతలో ఉప్పు కూడా కొన్నింటిని ఇబ్బంది పెడుతుంది.

కరక్కాయ, తుమ్మ బెరడు వంటి వాటి సారాలలో టానిన్లు అధికం. అవి కంటబడిన ప్రతి ప్రొటీన్‌ను పట్టి గడ్డ కట్టిస్తాయి కనుక పరీక్షనాళికలో అన్నింటిపైనా పనిచేసినట్లే కనబడతాయి. టానిన్లను తొలగించి మరల పరీక్షించనిదే ఆ ఫలితానికి విలువ లేదు. పసుపులోని కుర్కుమిన్‌ది మరొక ఇబ్బంది. అది నీటిలో నిలకడ లేనిది, రక్తంలోకి బహు తక్కువగా చేరేది, అనేక రకాల పరీక్షలలో తప్పుడు సానుకూల ఫలితం ఇచ్చే గుణం కలదని 2017లో ఔషధ రసాయన శాస్త్రవేత్తలు విపులంగా హెచ్చరించారు. పసుపు మీద అభిమానం వేరు, కుర్కుమిన్ మీద పరిశోధన వేరు. ఇక మందులకు లొంగే సాధారణ ప్రామాణిక రకాలపై పరీక్షించి, వ్యాస శీర్షికలో ‘బహుళ ఔషధ నిరోధక’ అన్న విశేషణం తగిలించడాన్ని ఏ సమీక్షకుడూ అంగీకరించకూడదు.

బాక్టీరియాను చంపే అణువు మనిషి కణాన్ని వదలిపెడుతుందా అన్నది అన్నిటికంటె ముందు అడగవలసిన ప్రశ్న. చేలగట్లపై పసుపుపచ్చని పూలతో, ముళ్ల ఆకులతో పెరిగే బలురక్కసి కలుపును తీసుకొంటే దానిలో బెర్బెరిన్ ఉన్నది, బాక్టీరియాపై తీవ్రంగా పనిచేసే సాంగ్వినరిన్ ఉన్నది. వలయాలు చూసి మురిసిపోదగిన మొక్క. కానీ ఆవనూనెలో దీని గింజల నూనె కల్తీ కావడం వల్లనే 1998లో ఢిల్లీలో జలోదరపు వాపు వ్యాధి ప్రబలి 60 మందికి పైగా మరణించారు. ఆ విషానికి ప్రధాన కారకం సాంగ్వినరినే.

ఇదే మొక్కను కొన్ని ప్రాంతాలలో బ్రహ్మదండి అంటారు. పూర్తిగా వేరైన, పొద్దుతిరుగుడు కుటుంబానికి చెందిన మొక్కలకూ అదే పేరు ఉన్నది. మానుపసుపు సంగతీ అంతే: హిమాలయాలలోని బెర్బెరిస్ అరిస్టాటా, పడమటి కనుమలలోని కాసినియం ఫెనెస్ట్రేటమ్ అనే తీగ, రెండూ మూలికల అంగడిలో దారుహరిద్రగానే అమ్ముడవుతాయి. రెండింటిలోనూ బెర్బెరిన్ ఉన్నా, మొదటి దానిలోని సహాయక అణువులు రెండవ దానిలో ఉంటాయని అనుకోవడానికి వీలులేదు. అంగడిలో కొన్న వేరుతో మొదలైన పరిశోధనకు పునాది ఉండదు. వృక్షశాస్త్రజ్ఞుడు గుర్తించి, నమూనా పత్రాన్ని హెర్బేరియంలో భద్రపరచిన మొక్కతోనే పని ఆరంభించాలి.

నిరోధకత రాదన్న భ్రమ

మొక్కది కనుక బాక్టీరియాకు దాని మీద నిరోధకత రాదన్న మాట విస్తరణ సభలలో తరచు వినబడుతుంది. నోర్‌ఎ పంపు బెర్బెరిన్‌ను బయటికి తోయడమే ఆ మాటకు జవాబు. ఈ విషయం వ్యవసాయ రంగానికి దూరమైనది కాదు. మేత జంతువులలో కోలిస్టిన్ వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2019లో నిషేధించింది. పైర్లపై స్ట్రెప్టోమైసిన్, టెట్రాసైక్లిన్ మిశ్రమాన్ని మాన్పించే ముసాయిదా ఉత్తర్వు 2021 డిసెంబరులో వెలువడింది. నిమ్మలో గజ్జి తెగులుకు, దానిమ్మలో బాక్టీరియా మచ్చ తెగులుకు ఈ మిశ్రమాన్నే నమ్ముకొన్న రైతుకు ప్రత్యామ్నాయం చూపవలసిన బాధ్యత శాస్త్రవేత్తలదే. మొక్కల సారాలు ఆ చోటును కొంతవరకు పూరించవచ్చు. అయితే కోళ్ల మేతలో ఏడాది పొడవునా స్వల్ప మోతాదులో ఒకే సారాన్ని కలపడం, యాంటీబయాటిక్‌లతో చేసిన పొరపాటును కొత్త పేరుతో కొనసాగించడమే అవుతుంది.

అడవి నుంచి మడికి

రసాయన శాస్త్రవేత్త చేతికి అందే వేరు ఏ నెలలో తవ్వినది, ఎంత వయసుది, ఎండలో ఎండిందా నీడలోనా అన్నది చాలా వ్యాసాలలో కనిపించదు. సస్యశాస్త్రానికి మాత్రం అసలు విషయం అదే. నేలవేములో చేదుకు మూలమైన ఆండ్రోగ్రాఫోలైడ్ పూత దశలో హెచ్చుగా ఉంటుంది. కాయలు ముదిరేదాకా ఆగితే ఆకు రాలి, సరుకు తూకంతో పాటు సారమూ తగ్గుతుంది. వెల్లుల్లిలో అల్లిసిన్ ముందుగా సిద్ధంగా ఉండదు. పాయను చిదిమినప్పుడు అల్లినేస్ ఎంజైమ్ పనిచేసి అల్లిన్ నుంచి దానిని పుట్టిస్తుంది. నేలలో గంధకం కొరవడితే అల్లిన్ తగ్గుతుంది. అధిక వేడిలో ఆరబెడితే ఎంజైమ్ చెడుతుంది. ఒక ప్రయోగశాల ఫలితం మరొక చోట రాకపోవడానికి ఇంతకు మించిన కారణం వెదకనక్కరలేదు.

రాయలసీమ వాసులకు షర్బత్తుగా పరిచయమైన నన్నారి ఇక్కడ ప్రత్యేకంగా పేర్కొనదగినది. శేషాచలం, నల్లమల కొండలలో రాళ్ల మధ్య పెరిగే మారేడు గడ్డల తీగ డెకాలెపిస్ హామిల్టోనై దక్షిణ భారతానికే పరిమితమైనది. దాని వేళ్లకు సువాసననిచ్చే 2-హైడ్రాక్సీ-4-మిథాక్సీబెంజాల్డిహైడ్ వెనీలా సువాసన అణువుకు సోదరి వంటిది. దానికి సూక్ష్మజీవులను అదుపు చేసే గుణమున్నట్లు పరీక్షలు చూపుతున్నాయి. అదే పదార్థం సుగంధిపాలలోనూ ఉన్నది. కానీ ఈ తీగలో అమ్మకానికి వచ్చేది వేరు. గడ్డలను తవ్వితే తీగ పోయినట్లే. గిరాకీ పెరిగినకొద్దీ అడవిలో తీగ అరుదైపోయింది. రేపు ఈ అణువు మందుగా నిలిస్తే, ఆ వార్త వెలువడిన మొదటి ఏడాదే కొండలు ఖాళీ అయ్యే ప్రమాదం ఉన్నది.

కొండ మీద ఆ తీగను గుర్తించగలిగిన చెంచు, యానాది కుటుంబాలకు ఈ లెక్కలో చోటు ఉండాలి. పసుపుతో గాయాలు మాన్పే విధానంపై 1995లో అమెరికాలో మంజూరైన పేటెంటును మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి పాత గ్రంథాల సాక్ష్యంతో 1997లో రద్దు చేయించగలిగింది. గ్రంథాలకెక్కని జ్ఞానానికి అటువంటి సాక్ష్యం దొరకదు. 2002 నాటి జీవవైవిధ్య చట్టం ప్రయోజనాల పంపకాన్ని నిర్దేశిస్తున్నది. పంచాయతీ స్థాయి జీవవైవిధ్య కమిటీల రిజిస్టర్లలో ఈ సమాచారాన్ని నమోదు చేయించడంలో విస్తరణ శాస్త్రవేత్తలు తోడ్పడగలరు. నమోదులో మొక్క పేరొక్కటే చాలదు. ఏ భాగం, ఏ కాలంలో తీసినది, దేనితో కలిపి నూరినది, ఏ పాత్రలో ఎన్నాళ్లు ఉంచినది, ఎవరికి ఇవ్వరాదన్నది కూడా రాయించాలి.

నన్నారి విషయంలో పొలంలో చేయవలసిన పని చాలా ఉన్నది. విత్తనపు మొలకకు, కణజాల వర్ధనంతో పెంచిన మొక్కకు గడ్డ ఏర్పడటంలో తేడా, పాకడానికి ఆసరాగా ఏ చెట్టు తగినది, పక్క వేళ్లను మాత్రమే తీసి తల్లి గడ్డను వదిలితే తీగ ఎన్నేళ్లలో కోలుకొంటుంది, ఏ వయసు వేరులో సువాసన పదార్థం గరిష్ఠంగా ఉంటుంది అన్న ప్రశ్నలకు కొలతలు కావాలి. గరప నేలలో, రాతి నేలలో ఏకకాలంలో, కనీసం నాలుగైదేళ్లు సాగే ప్రయోగం అది. రెండేళ్ల స్నాతకోత్తర కోర్సులో ఇమడదు. ఒక విద్యార్థి నాటిన మడిని తరువాతి విద్యార్థి తవ్వేలా విభాగాలే దానిని చేపట్టవలసి ఉంటుంది.